రోజుకు 16 సూర్యోదయాలు వచ్చే ఇంట్లో నిత్యకర్మ



ఈ వారం వీడియోలో నిత్య, నైమిత్తిక, కామ్య కర్మల గురించి చెప్పుకున్నాం కదా. టైం సరిపోక అక్కడ వదిలేసిన ఉదాహరణ ఒకటి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఎందుకంటే మన వయసు వాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది: "రోజూ దీపం పెడుతున్నాను, సంధ్య వారుస్తున్నాను. ఏం మారింది? మానేస్తే ఏమవుతుంది?"

దీనికి పెద్దలు చెప్పే జవాబు వినడానికి కొంచెం వింతగా ఉంటుంది. నిత్యకర్మ చేస్తే ప్రత్యేకంగా ఫలం ఏమీ రాదు, మానేస్తే మాత్రం ప్రత్యవాయం, అంటే దోషం. మొదటిసారి విన్నప్పుడు నాకిది బెదిరింపులా అనిపించింది. ఇందులోని తర్కం నాకు అర్థమైంది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో రోజు ఎలా గడుస్తుందో చదివాక.

అక్కడి దినచర్య

భూమికి దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో, గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగంతో తిరిగే ఇల్లు అది. 90 నిమిషాలకో ప్రదక్షిణ. రోజుకు 16 సూర్యోదయాలు, 16 సూర్యాస్తమయాలు. కిటికీ చూసి పొద్దు తెలుసుకునే వీల్లేదు కాబట్టి గ్రీనిచ్ కాలాన్ని పట్టుకుని బతుకుతారు. ఆ రోజు పనులన్నీ స్క్రీన్ మీద వరుసగా ఉంటాయి, వాటి మీదుగా ఒక ఎర్ర గీత జరుగుతూ పోతుంది. మూడ్ ఉందా లేదా అని ఆ గీత అడగదు.

2000 నవంబర్ 2 నుంచి ఆ ఇంట్లో మనిషి లేని రోజు లేదు. ఇప్పుడు మామూలుగా ఏడుగురు ఉంటారు. పైలట్లు, డాక్టర్లు, శాస్త్రవేత్తలు. శనివారం వచ్చిందంటే వాళ్లందరి పనీ ఇల్లు శుభ్రం చేసుకోవడమే. అక్కడ దుమ్ము నేల మీదికి దిగదు, గాలిలో తేలుతూ వెళ్లి గాలి లాగే జాలీలకు పట్టుకుంటుంది. వాటిని వాక్యూమ్ చేయాలి. పట్టుకునే కడ్డీలు, గోడలు తుడవాలి, లేకపోతే సూక్ష్మజీవులు పెరుగుతాయి.

గాలి సంగతి ఇంకా ఆశ్చర్యం. అక్కడ వేడి గాలి పైకి లేవదు. ఫ్యాన్లు తిరగకపోతే మనం వదిలిన ఊపిరే మన ముఖం చుట్టూ నిలిచిపోతుంది. నిద్రపోయే మనిషికి తన శ్వాసే ప్రమాదం. అందుకే ఫ్యాన్లు ఆగకూడదు, వాటి దారిలో దుమ్ము అడ్డు పడకూడదు.

రోజుకు సుమారు రెండు గంటలు వ్యాయామం. ట్రెడ్‌మిల్ మీద తేలిపోకుండా బెల్టులతో కట్టుకుని పరుగెత్తాలి. అది లేకపోతే నెలకు ఒక శాతం పైగా ఎముక సాంద్రత తగ్గిపోతుంది. మూత్రాన్నీ చెమటనీ శుద్ధి చేసి మళ్లీ తాగునీరుగా వాడతారు. ఒకప్పుడు ఆ యంత్రంలో గట్టి పదార్థం పేరుకుని మొరాయించింది. కారణం వెతికితే, ఎముకల నుంచి కరిగి మూత్రంలోకి వచ్చిన కాల్షియం. మనిషి ఒంట్లో జరిగిన నష్టం వెళ్లి యంత్రం గొంతులో అడ్డుపడింది. ఒంటి శుద్ధి, ఇంటి శుద్ధి వేరు కాదని మన ఆచారం ఎందుకంటుందో ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

2024 జూన్‌లో సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ బయల్దేరడానికి కొద్ది రోజుల ముందు పైన మూత్రాన్ని శుద్ధి చేసే పంపు పాడైంది. కొత్త పంపు దాదాపు 70 కిలోలు. దానికి చోటు కోసం వాళ్లిద్దరి బట్టల సూట్‌కేసులు దించేశారు. ఎనిమిది రోజులనుకున్న ఆ ప్రయాణం చివరికి 286 రోజులైంది. 2006లో తొలిసారి వెళ్లినప్పుడు భగవద్గీతనీ చిన్న వినాయకుడి ప్రతిమనీ వెంట తీసుకెళ్లిన సునీతగారే, ఈసారి తన బట్టలు వదిలి ఇంటికి కావాల్సిన పంపుతో వెళ్లారు.

మూడు కర్మలు, ఒకే కప్పు కింద

ఇప్పుడు వర్గీకరణ చూడండి. ఫలితం కోరి చేసే ప్రయోగాలు కామ్యం. ఏదైనా పాడైతే చేసే రిపేరు నైమిత్తికం. రోజూ జరిగే తుడవడం, పరుగు, ఫిల్టర్లు నిత్యం. వార్తల్లోకి వచ్చేవి మొదటి రెండూ. మూడోది సరిగ్గా జరిగితే కొత్తగా ఏమీ జరగదు. ఏడుగురూ మర్నాడు మామూలుగా లేస్తారు, అంతే.

మా ఫీల్డ్‌లో కూడా ఇంతే. సర్వర్ ఏడాది పొడుగునా పడిపోకుండా నడిస్తే ఎవరూ మెచ్చుకుంటూ మెయిల్ పెట్టరు.

నిత్యకర్మకు ఫలం లేదంటే అర్థం అది వృథా అని కాదు. కొత్తగా సంపాదించి పెట్టదు, ఉన్నదాన్ని పోనివ్వదు. ప్రత్యవాయం అన్నది పైనుంచి ఎవరో వేసే జరిమానా అనుకోనక్కర్లేదు, తుడవని జాలీకి దుమ్ము పట్టడం లాంటిది అనుకోండి. అక్కడ ఫ్యాన్ ఆగితే కాసేపట్లో తెలుస్తుంది. మనసుకు పట్టిన దుమ్ము తెలియడానికి ఏళ్లు పడుతుంది, అందుకే మానేసినా ఏం కాలేదనుకుంటాం.

భారతంలో సైంధవ వధ రోజు గుర్తుందా? సూర్యుడు అస్తమించేలోపు పని కాకపోతే అర్జునుడు అగ్నిప్రవేశం చేయాలి. అంత గడువు మీద ఉన్నప్పుడు, యుద్ధం మధ్యలో, గుర్రాలు అలిసిపోయాయి. అర్జునుడు దిగి బాణంతో నీటిమడుగు సృష్టించి శత్రువుల్ని ఆపుతుంటే, శ్రీకృష్ణుడు గుర్రాల్ని విప్పి, గుచ్చుకున్న బాణాలు తీసి, ఒళ్లు రుద్ది, నీళ్లు తాగించి మళ్లీ కట్టాడు. ప్రాణం మీదికి వచ్చిన రోజున కూడా పరమాత్మ మెయింటెనెన్స్ మానలేదు.

నాకు తెలిసిన రుజువు

నాన్న ఐసీయూలో ఉన్న పదకొండు రోజులూ అమ్మ తెల్లవారుజామున ఇంటికొచ్చి, స్నానం చేసి, దీపం పెట్టి మళ్లీ ఆస్పత్రికి వెళ్లేది. ఆ దీపం నాన్నని వెనక్కి తేలేదు. తెస్తుందని నేను మీకు చెప్పను. మైల రోజులు గడిచాక ఒక పొద్దున అమ్మ లేచి, అదే టైంకి, అదే కుంది తోమి వత్తి వేసింది. "చెయ్యి దానంతట అదే వెళ్లింది రా" అంది. ముప్పై ఏళ్ల నిత్యకర్మ ఆ రోజు అమ్మని మంచం మీంచి లేపింది. అంతకు ముందు రోజుల్లో ఏ ఒక్క దీపాన్ని చూపించి "ఇదిగో దీని ఫలం" అని అడిగినా అమ్మ దగ్గర జవాబు ఉండేది కాదు.

కాబట్టి ఈ వారం సాధన చిన్నదే. ఒక్క నిత్యకర్మ ఎంచుకోండి. దీపం కావచ్చు, పది నిమిషాల జపం కావచ్చు. టైం ఫిక్స్ చేసుకోండి. ఏం వచ్చిందని లెక్క చూసుకోకండి. దాంతోపాటు ఇంట్లో రోజూ ఎవరో చేస్తున్న, ఎవరూ గమనించని పని ఒకటి మీరు అందుకోండి. పూజగది తుడవడమైనా సరే, ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలు నింపడమైనా సరే. అది కూడా నిత్యకర్మే.

వచ్చే వారం నైమిత్తిక కర్మలతో కలుద్దాం.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.