పంపిన చెయ్యి, పెట్టిన చెయ్యి

కంటికి కనబడని బిడ్డకు ఇవ్వడం తేలికా, గుమ్మంలో నిలబడ్డ బిడ్డకు ఇవ్వడం తేలికా? ఈ ప్రశ్న నాకు ఏ వేదాంత గ్రంథమో చదువుతూంటే రాలేదు. అమెరికాలో ఒక గోడౌన్లో అట్టపెట్టెల మధ్య పుట్టింది. చందానగర్ తిరిగొచ్చాక, మా ఫ్లాట్ గుమ్మంలో ముల్లులా గుచ్చుకుంది.

పోయిన శీతాకాలం మా చెల్లెలి దగ్గరికి షార్లెట్ వెళ్ళాను. బయట చలి. పలకరిద్దామంటే వీధిలో మనిషి కనబడడు. "ఊరికే కూర్చుని ఏం చేస్తావక్కా? నాతో రా, నాలుగ్గంటలు పుణ్యం చేసుకొద్దాం" అని లాక్కుపోయింది.

అది ఆపరేషన్ క్రిస్‌మస్ చైల్డ్ వాళ్ళ గోడౌన్. 1990లో వేల్స్‌లోని రెక్స్‌హామ్ అనే ఊళ్ళో ఒక జంట, రుమేనియాలోని అనాథ పిల్లల కోసం చెప్పుల పెట్టెల్లో బొమ్మలూ పెన్సిళ్ళూ సర్ది పంపడంతో మొదలైందట. 1993లో సమారిటన్స్ పర్స్ అనే అమెరికన్ సంస్థ చేపట్టింది. ఇప్పటికి ఇరవై కోట్లకు పైగా పెట్టెలు దేశదేశాలకు వెళ్ళాయి. అది క్రైస్తవ సంస్థ; కానుకతోపాటు మతాన్నీ పంపుతున్నారని విమర్శించేవాళ్ళున్నారు. ఆ తగవు పెద్దది, ఇక్కడ తేలేది కాదు. నాకు తట్టిన సంగతి వేరు.

పెట్టెలు ఎవరిళ్ళలో వాళ్ళు సర్ది పంపుతారు. వాటిని తెరిచి చూడటం మా పని. మిఠాయిలు, టూత్‌పేస్టు, సీసాల్లో పోసినవి, బొమ్మ తుపాకులు వుంటే తీసెయ్యాలి. వెలితిగా వుంటే కొత్త వస్తువులు చేర్చాలి. ఆడపిల్లకా, మగపిల్లాడికా, ఏ వయసుకి అన్న చీటీ చూసుకుని, టేపు వేసి ముందుకు తొయ్యాలి. అన్నిటికన్నా గట్టి నియమం ఒకటుంది. వాడిన వస్తువు ఏదీ వెళ్ళకూడదు.

ఒక పెట్టెలో కుందేలు బొమ్మ దొరికింది. శుభ్రంగా ఉతికి వుంది గానీ చెవి దగ్గర కుట్టు వుంది. ఏ చిట్టితల్లి తన ప్రాణంలాంటి బొమ్మను ఇచ్చేసిందో! నాకు చేతులు రాలేదు. చెల్లెలు మాత్రం మెల్లిగా తీసి పక్కన పెట్టింది. "ప్రేమ సరేనక్కా. అందుకునే పిల్లకి ఎవరో వాడింది ఎందుకివ్వాలి?" అంది.

ఇంటికొచ్చి ఈ కబుర్లన్నీ అమ్మకు గొప్పగా చెప్పాను. అమ్మ నవ్వింది.

"మాకూ వచ్చేవే అమెరికా నుంచి" అంది. 1960లలో అమ్మ చదివిన పల్లెటూరి బడిలో మధ్యాహ్నం ఉప్మా పెట్టేవారు. కేర్ సంస్థ ద్వారా వచ్చిన గోధుమరవ్వ, నూనె, పాలపొడి. బస్తాల మీదా డబ్బాల మీదా కరచాలనం చేస్తున్న రెండు చేతుల బొమ్మ వుండేది.

"ఆ చేతులు ఎవరివో మాకేం తెలుసు? వడ్డించే ఆవిడ 'ఊఁ, పట్టు' అంటూ గరిటె విదిలించేది. ఆవిడ రానిరోజు ఇంకొకావిడ వచ్చేది. 'ఇంకాస్త వెయ్యనా తల్లీ' అని అడిగేది. అదే రవ్వ, అదే ఉప్మా. కానీ ఆ రోజే కడుపు నిండేది. పంపినవాళ్ళ ఊరూ పేరూ తెలీదు గానీ, ఆవిడ మొహం ఇప్పటికీ కళ్ళకి కడుతుంది."

నాకు మాట రాలేదు. ఎందుకంటే, బయల్దేరేముందు వాచ్‌మన్ కూతురికోసం నేను కట్టిపెట్టిన సంచీ గుర్తొచ్చింది. తెరిచి చూశాను. జిప్పు పోయిన స్కూలు బ్యాగు, సగం రాసేసిన నోటుపుస్తకాలు, పసుపూ తెలుపూ మాత్రమే మిగిలిన రంగు పెన్సిళ్ళ డబ్బా! గోడౌన్లో అయితే నా చేత్తో నేనే అన్నీ తీసి పక్కన పడేసేదాన్ని.

పాతవి ఇవ్వడం పాపమని కాదు. అక్క గౌను చెల్లెలు తొడుక్కోవడం మన ఇళ్ళలో నామోషీ కాదు. అయితే అక్కడ గౌనుతోపాటు అక్క కూడా వుంటుంది. ఈ సంచీతో నేను లేను. నా బీరువా ఖాళీ అవడం ఒక్కటే వుంది. గీత 17వ అధ్యాయంలో ఆదరం లేకుండా, చులకనగా ఇచ్చింది తామస దానమని చెప్పారు. డిగ్రీలో ఆ మాటమీద వ్యాసం రాసినదాన్నే!

మరి ఆ దూరపు బిడ్డకు కొత్తది ఇవ్వడానికి నాకు చెయ్యి ఎలా వచ్చింది? ఆలోచిస్తే సిగ్గుపడే జవాబే దొరికింది. ఆ బిడ్డ మళ్ళీ అడగదు. నా వూహలో నవ్వుతూనే వుంటుంది. ఈ పిల్ల రేపు లిఫ్టు దగ్గర ఎదురవుతుంది. ఇవాళ కొత్తది ఇస్తే రేపూ ఆశిస్తుందనీ, అలవాటు పడుతుందనీ మనకు భయం. దూరం మనల్ని ఉదారుల్ని చేస్తుంది. దగ్గరితనం లెక్కలు నేర్పుతుంది.

సాయంత్రం కొత్త బ్యాగు, నాలుగు పుస్తకాలు, నిండు డబ్బా పెన్సిళ్ళు కొని ఆ పిల్లను పిలిచాను. అందుకుంది. మూత తీసి చూసింది. మొనలు చెక్కని పెన్సిళ్ళు వరసగా వున్నాయి. నావంక అనుమానంగా చూసి, "ఇవి ఎవరివి ఆంటీ?" అంది.

పాపం, దాని తప్పేముంది? ఇన్నాళ్ళూ మేమిచ్చిన ప్రతి వస్తువూ ముందు ఎవరిదో ఒకరిదే.

"నీవేనమ్మా" అన్నాను. చిన్నమాటే. అయినా గొంతు పెగుల్చుకుని అనాల్సి వచ్చింది.