జీతము తీసికొన్నవాని త్యాగము



ప్రతి సంవత్సరము అక్టోబరు 21వ తేదీన మన దేశములో విధి నిర్వహణలో ప్రాణములు విడిచిన పోలీసులను జ్ఞాపకము చేసికొందురు. 1959లో ఆ దినమున లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ అను చోట చైనా సైనికుల కాల్పులలో పదిమంది పోలీసులు మరణించిరి. ఇట్టివారిని గూర్చి మాటలాడునప్పుడు రచ్చబండ యొద్ద ఒక ప్రశ్న పుట్టుచుండును: “జీతము తీసికొన్నారు, పని చేసినారు. ఇందులో త్యాగమేమున్నది?” ఈ ప్రశ్నను కోపముతో త్రోసివేయక ఆలోచింతము.

2008 నవంబరు 26 రాత్రి ముంబయి పట్టణముమీద ఉగ్రవాదులు పడిరి. ఆ దాడిలో 166 మంది చనిపోయిరి. ఆ రాత్రి గిర్గాం చౌపాటి యొద్ద రోడ్డుకు అడ్డము కట్టి కాచుచున్న పోలీసులలో తుకారాం ఓంబ్లే అను అసిస్టెంటు సబ్ ఇన్‌స్పెక్టరు ఒకరు. ఆయన సతారా జిల్లాలోని పల్లెటూరివాడు. చేతిలో లాఠీ తప్ప తుపాకి లేదు. దొంగిలించిన కారులో వచ్చిన ఇద్దరిలో ఒకడు కాల్పులలో కూలెను. రెండవవాడైన కసబ్ తుపాకి ఎత్తగా, ఓంబ్లే దాని గొట్టమును చేతులతో పట్టుకొనెను. గుండ్లు ఆయన దేహములోనే దిగెను. పట్టు మాత్రము విడువలేదు. తోటివారు ఆ హంతకుని ప్రాణముతో పట్టుకొనిరి. 2009లో ప్రభుత్వము ఆయనకు మరణానంతరము అశోకచక్రము ప్రకటించెను.

జీతము దేనిని కొనగలదు? రాత్రి మేలుకొనుటను కొనగలదు; ఎండలో నిలువబడుటను కొనగలదు. ఎదురుగా ఉన్న తుపాకి గొట్టమును పట్టుకొనుటకు ఏ జీతపు పట్టీలోను వెల వ్రాయబడలేదు. యోహాను సువార్త 10వ అధ్యాయములో ప్రభువు, తోడేలును చూచి గొఱ్ఱెలను విడిచి పారిపోవు జీతగాని గూర్చి చెప్పెను. అక్కడ తప్పు కూలి పుచ్చుకొనుటలో లేదు, పారిపోవుటలో ఉన్నది. వరద వచ్చినప్పుడు తనది కాని గేదె కొరకు నీళ్లలో దిగిన పాలేరును మనము కూలివాడని తక్కువగా చూతుమా?

ఇంకొక సంగతి. హంతకుడు ప్రాణముతో దొరికినందున న్యాయస్థానము వానిని విచారించెను, వాని పక్షమున వకీలును ఏర్పరచెను, సాక్ష్యములు వినెను. సుప్రీంకోర్టు వరకు విచారణ జరిగిన పిమ్మటనే 2012 నవంబరు 21న వానికి ఉరిశిక్ష అమలాయెను. రోమీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయము పగ తీర్చుకొనవద్దనుచున్నది. 13వ అధ్యాయము అధికారి చేతి ఖడ్గమును గూర్చి చెప్పుచున్నది. పగకును న్యాయమునకును మధ్యనున్న దూరము, విచారణ. ఓంబ్లే పట్టు ఆ విచారణకు దారి తీసెను.

అయితే, “మా ఊరిలో పోలీసులనగానే భయమే గదా! లంచమడిగినవారిని, బీదవానిని కొట్టినవారిని ఎరుగుదుము” అని కొందరందురు. అది అబద్ధము కాదు. లూకా 3వ అధ్యాయములో సైనికులు బాప్తిస్మమిచ్చు యోహానును, మేమేమి చేయవలెనని అడిగిరి. ఆయన కొలువు మానుమనలేదు. ఎవనిని బాధించి సొమ్ము లాగుకొనక, జీతముతో తృప్తిపొందుమనెను. మంచి పోలీసును తలచుకొనుట చెడ్డవానిని కప్పిపుచ్చుట కాదు. ఆ కొలువు ఎట్లుండవలెనో చూపు కొలబద్దను చేత పట్టుకొనుటయే.

చనిపోయినవారికి మన పూలదండలతో పని లేదు. వారి భార్యాబిడ్డలకు మన ఆదరణతో పని ఉన్నది. కావున అధికారుల కొరకు ప్రార్థించునప్పుడు, రాత్రి నాకా యొద్ద నిలువబడు కానిస్టేబులును మరువకుడి. మనలోను నర్సులు, ఉపాధ్యాయులు, కావలివారు, కూలివారు ఉన్నారు. అందరమును జీతము తీసికొనువారమే. తోడేలు వచ్చు దినమున మనము నిలుతుమా, పరుగెత్తుదుమా? ఆ దినమునకు ముందే, నేడు చేయు చిన్న పనిలో దాని జవాబు సిద్ధపడుచున్నది.