సరుకు, స్టాంపు

పీహెచ్‌డీ చేస్తూ ఏడాదో రెండేళ్ళో విదేశంలో ఉండి వచ్చినవాళ్ళ గురించి మనం మాట్లాడే తీరులో ఒక లెక్క దాగి ఉంటుంది: ఇక్కడ నేర్చుకున్నది అరకొర, అక్కడ నేర్చుకున్నదే అసలు చదువు. ఇది ఎంతవరకు నిజమో చూడాలంటే సి. ఆర్. రావు గారి కేంబ్రిడ్జ్ రోజులు గుర్తు చేసుకోవాలి.

ఆయన 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే పూర్తిచేసి, మిలిటరీ సర్వేలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. ఉద్యోగం రాలేదు, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ దొరికింది. ఈరోజు ప్రపంచమంతా క్రామర్-రావు, రావు-బ్లాక్‌వెల్ అని చదువుకునే ఫలితాలు రెండూ 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయ్యాయి. అప్పటికి ఆయనకి పీహెచ్‌డీ లేదు.

1946లో కేంబ్రిడ్జ్ ఆయన్ని పిలిచింది పని కోసం. హెన్రీ వెల్‌కమ్ అనే మందుల వ్యాపారి సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వించిన అస్థిపంజరాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. జనసమూహాల మధ్య తేడాని లెక్కకట్టే మహలనోబిస్ పద్ధతి తెలిసినవాళ్ళు కావాలి. వాళ్ళేమో కలకత్తాలో ఉన్నారు. మా ఐటీ భాషలో దీన్ని ఆన్‌సైట్ అంటాం.

అక్కడ ఉండగానే ఆయన ఫిషర్ దగ్గర పీహెచ్‌డీకి చేరారు. సమస్యని నువ్వే వెతుక్కోవాలన్నది ఫిషర్ షరతు. 1948 నాటి థీసిస్‌లోని ప్రశ్న ఆ ఎముకల పనికి దగ్గరిదే: ఒక మనిషి కొలతలు చూసి, ఏ సమూహానికి చెందినవాడో చెప్పడం ఎలా?

కాబట్టి కేంబ్రిడ్జ్ ఏమీ ఇవ్వలేదంటే అబద్ధం అవుతుంది. కానీ సూడాన్ ఎముకలు ఇంగ్లండ్‌లో ఎందుకున్నాయి? తవ్వించే డబ్బూ, తరలించే అధికారమూ వాళ్ళ దగ్గర ఉండబట్టి. పద్ధతి కలకత్తాది, ఎముకలు సూడాన్‌వి, పట్టా కేంబ్రిడ్జ్‌ది.

మా చిరాగ్‌పల్లి హైదరాబాద్-ముంబై హైవే మీద, రాష్ట్ర సరిహద్దులో ఉంటుంది. చెక్‌పోస్టు దగ్గర లారీలు వరసగా ఆగేవి, కాగితాలు చూసి స్టాంపు వేసేవాళ్ళు. స్టాంపు పడ్డంత మాత్రాన ఉల్లిగడ్డ రుచి మారదు. అది లేకుండా లారీ కదలదని కూడా డ్రైవర్‌కి తెలుసు. అందుకే వీసా కోసం, ఫండింగ్ కోసం తిరుగుతున్న రీసెర్చ్ విద్యార్థికి “అక్కడేముంది, ఇక్కడ లేనిది?” అని నీతులు చెప్పడం నాకు నచ్చదు. గేటు దాటేసినవాళ్ళకి ఆ మాట తేలిక.

నా ఫిర్యాదంతా స్టాంపు పడేదాకా సరుకు వైపు కన్నెత్తి చూడని మన మీదే. రావు గారు 1948లో కలకత్తాకి తిరిగొచ్చారు. ఆయన పర్యవేక్షణలో అక్కడే పీహెచ్‌డీ చేసిన శ్రీనివాస వరదన్‌కి 2007లో ఏబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి వరదన్ న్యూయార్క్‌లో స్థిరపడి దశాబ్దాలు గడిచాయి. మనలో చాలామంది ఆ పేరు విన్నది ఆ తర్వాతే.

వెళ్ళేవాళ్ళు మనకి ఏం బాకీ పడ్డారని అడుగుతూ ఉంటాం. వాళ్ళు ఇక్కడ ఉండగా రాసింది చదవడం మన బాకీ. ముందు అది తీర్చాలి.