పంగ చెక్క

వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పి, లక్క రంగులద్ది బొమ్మలు చేస్తారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ ఊళ్లో ఒక కుర్రాడు తాత దగ్గర పని నేర్చుకుంటున్నాడు. బొంగరాలు, కుంకుమ భరిణెలు అప్పటికే బాగా చేస్తున్నాడు.

ఒకసారి చెక్క పెన్నులు కావాలని ఆర్డరు వచ్చింది. చిటికెన వేలంత లావు, జానెడు లోపు పొడవు, నడుమ రీఫిల్లు పట్టే రంధ్రం. భరిణె చేసిన చేతికి పెన్నొక లెక్కా అనుకున్నాడు కుర్రాడు.

ఉలి ఆనించగానే కర్ర గడగడా వణికింది. ఒంటి నిండా మరచుట్లలా గీతలు పడ్డాయి. కొసలు సన్నబడ్డాయి గానీ నడుము లావుగానే ఉండిపోయింది. ఉలి తగిలినప్పుడల్లా నడుము వెనక్కి వంగి తప్పించుకుంటోంది మరి! పట్టు చాలడం లేదనుకుని, కర్ర కొసను పట్టి ఉంచే లేతు వెనక మొనను ఇంకాస్త బిగించాడు. కర్ర విల్లులా వంగి మరింత ఎగిరింది. పంతం పట్టి ఇంకా బిగించాడు. రంధ్రం వెంబడి ఫట్‌మని చీలింది. సాయంత్రానికి ఏడు కర్రలు పొయ్యిలోకి పోయాయి.

"పాడు కర్ర తాతా!" అన్నాడు.

"కర్ర చేసిన తప్పేటిరా? రెండు కొసలూ పట్టుకుని నొక్కుతున్నావు. నడుముకి దిక్కెవరు?" అన్నాడు తాత.

మర్నాడు తాత లేతు ముట్టుకోనివ్వలేదు. మూల పడి ఉన్న గట్టి చెక్క తెప్పించి, దాని అంచున పంగ ఆకారంలో గాడి కోయించాడు. గాడికి నున్నగా మైనం రాయించాడు. ఉలికి ఎదురుగా, కర్రకు అవతలి వైపున లేతుకు దాన్ని బిగించారు. పూటంతా దానికే పోయింది.

కర్రకు నడిమిన అంగుళం మేర తేలిక చేత్తో ముందు గుండ్రం చేయించి, తాత పంగను అక్కడికి జరిపాడు. "నొక్కకు. తగిలీ తగలనట్టు ఉండాలి. నొక్కితే రాపిడికి కర్ర కమిలిపోద్ది."

ఈసారి ఉలి కింద వణుకు లేదు. పొట్టు సన్నని దారాల్లా రాలింది. తిరుగుతున్న కర్రకు లక్క ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంది. మొగలి ఆకుతో మెరుగు పెట్టేసరికి పెన్ను అద్దంలా మెరిసింది. కుర్రాడు ఆ పంగ చెక్కను పనిముట్ల పక్కనే మేకుకు తగిలించాడు. ఇంకెన్ని పెన్నులు చెయ్యాలన్నా అదే చాలు.

నీతి: సన్నని దానికి కావలసింది బిగింపు కాదు, ఆసరా.

పిల్లవాడు చదువులో తడబడితే గద్దిస్తాం. కొత్తగా పనిలో చేరినవాడు తడబడితే గడువు కుదిస్తాం. అదంతా వెనక మొనను బిగించడమే. కొసలు బిగిసేకొద్దీ నడుము వంగుతుంది, ఒకనాటికి చీలుతుంది. వాళ్ల వెనక తగిలీ తగలనట్టు నిలబడితే చాలు, వణుకు దానంతటదే ఆగుతుంది. అలాంటి ఆసరా సిద్ధం చెయ్యడానికి ఒక పూట పోతే పోనివ్వండి. ఈసారి ఎవరినైనా బిగించబోయే ముందు, వారి నడుముకు పంగ ఉందో లేదో ఒక్కసారి చూడండి.