ఈ రోగి ఎవరివాడు?

సాయము చేయుటకు అరడజను మంది ఉండియు సాయమందని మనుష్యులు మన గ్రామములలో కలరు. ఈ మాట వింతగా తోచవచ్చును గాని, ఒక పేద వృద్ధురాలి స్థితిని మనస్సున ఉంచుకొని ఆలోచించినయెడల ఇందలి నిజము తెలియును. ఆమెకు పక్షవాతము వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయినవి. ప్రతి నెల పింఛను వచ్చుచున్నది. బియ్యపు కార్డు కలదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో రక్తపోటు మాత్రలు ఉన్నవి గాని, ఆ కేంద్రము ఏడు కిలోమీటర్ల దూరమున ఉన్నది. ఆశా కార్యకర్త ఆ వీధికి వచ్చుచున్నది గాని, ఆమెకు అప్పగింపబడిన పనులలో గర్భిణులు, పసిబిడ్డలు ముందున్నారు. వికలాంగ ధ్రువపత్రము కావలెనన్న ప్రభుత్వాసుపత్రిలో జరుగు శిబిరమునకు పోవలెను. మంచము దిగలేని మనిషి బస్సు ఎట్లు ఎక్కును? పెద్ద ఆసుపత్రివారు ఆమెను పది దినములు ఉంచుకొని, ప్రాణము నిలిపి, ఇంటికి పంపిరి. పంపిన సంగతి గ్రామములో ఎవరికిని తెలియజేయలేదు. మూడు నెలలు గడచునప్పటికి ఆమె వీపున పుండ్లు పడినవి.

ఇందులో తప్పు ఎవరిది? పింఛను ఇచ్చువాడు తన పని చేసెను. వైద్యుడు తన పని చేసెను. ఆశా కార్యకర్తయు, ధ్రువపత్రములు ఇచ్చు అధికారియు తమ తమ నియమములను పాటించిరి. ఎవరిని నిలదీసి అడిగినను నిర్దోషియే. అయినను ఒక మనిషి మంచముమీద కుళ్లిపోవుచున్నది. తప్పు చేసినవాడు కనబడని చోట తప్పు లేదని చెప్పవచ్చునా? నేడు మనము ఆలోచింపవలసిన ప్రశ్న ఇదియే.

మన నీతిబోధ సాధారణముగా వ్యక్తి చేసిన పనిని విచారించును. దొంగిలించితివా? అబద్ధమాడితివా? బీదవానికి నీ చేయి మూసికొంటివా? ఈ ప్రశ్నలు అవసరమైనవే. కాని ఇద్దరు మంచివారి పనుల నడుమ ఉన్న ఖాళీలో పడి ఒకడు నశించినప్పుడు, ఈ ప్రశ్నలలో ఏదియు ఆ ఖాళీని తాకదు. ఆ పనులను ఒకదానితో ఒకటి కలుపుటయే ఒక ప్రత్యేకమైన కర్తవ్యమనియు, ఆ కర్తవ్యము ఆ ఇంటికి మిక్కిలి సమీపముననున్న పాలకసంస్థది, అనగా పంచాయతీది లేక పురపాలక సంఘముది అనియు ఈ వ్యాసములో చెప్పదలచితిమి.

ఇది నూతన సంగతి కాదు. ఆదిమ సంఘ చరిత్రలో, అపొస్తలుల కార్యముల 6వ అధ్యాయమున, ఇటువంటి చిక్కే కనబడుచున్నది. యెరూషలేములో అనుదినము జరుగు పంపకమందు గ్రీకుభాష మాటలాడు విధవరాండ్రు విడువబడిరి. ఎవరును ఆహారమును దొంగిలించినట్లు అక్కడ చెప్పబడలేదు. పంచువారు ఉండిరి, పంచుటకు ఆహారమును ఉండెను; కొందరి పేర్లు మాత్రము జారిపోయినవి. అపొస్తలులు దానికి విరుగుడుగా ప్రేమనుగూర్చి మరియొక ప్రసంగము చేసి ఊరకుండలేదు. జనులచేత ఏడుగురిని ఎన్నిక చేయించి, ఆ పని వారికి అప్పగించిరి. తరువాతి కాలమున, 1535లో, జెనీవా పట్టణమువారు అంతవరకు వేర్వేరుగా నడచుచున్న చిన్న చిన్న ధర్మసత్రములను కలిపి, నగరసభ ఆధీనమున ఒకే సార్వజనిక ఆసుపత్రిని స్థాపించిరి. 1541లో కాల్విన్ సిద్ధపరచిన సంఘ నిబంధనలలో పరిచారకులు రెండు విధములుగా పేర్కొనబడిరి: ధనమును కాపాడి పంచువారు ఒకరు, రోగులను స్వయముగా చూచువారు మరియొకరు. లెక్క వ్రాయుటయు, పుండు కడుగుటయు ఒకే పరిచర్యలోని రెండు భాగములని వారు గ్రహించిరి.

మన రాజ్యాంగముకూడ ఈ విషయమున మౌనముగా లేదు. వృద్ధాప్యమందును, రోగమందును, అంగవైకల్యమందును ప్రభుత్వ సహాయము కల్పింపవలెనని 41వ అధికరణము నిర్దేశించుచున్నది. అయితే అది ఆర్థిక స్తోమతకు లోబడినది, న్యాయస్థానమున దావా వేయదగిన హక్కు కాదు. 1992లో ఆమోదింపబడి 1993లో అమలునకు వచ్చిన 73వ సవరణ పదునొకండవ షెడ్యూలును చేర్చినది. అందలి 29 అంశములలో ఆరోగ్యము, ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు ఉన్నవి; వికలాంగుల సంక్షేమమును ఉన్నది. కాని ఆ అధికారములను పంచాయతీలకు ఎంతవరకు ఇయ్యవలెనో నిర్ణయించుట రాష్ట్ర శాసనసభల ఇష్టమునకు విడువబడినది. అందుచేత అనేక రాష్ట్రములలో పేరు పంచాయతీది, పెత్తనము శాఖలది అయినది.

కేరళ రాష్ట్రము మరియొక మార్గము త్రొక్కినది. 1993లో కోళికోడ్ వైద్య కళాశాలలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ మొదలగువారు నొప్పి నివారణ, ఉపశమన చికిత్స కొరకు ఒక చిన్న కేంద్రమును ఆరంభించిరి. నయముకాని రోగులు ఆసుపత్రికి వచ్చుట ఎంత కష్టమో త్వరలోనే బోధపడినది. 2000 ప్రాంతమున మలప్పురము జిల్లాలోను, పరిసరములలోను సామాన్య ప్రజలు, అనగా ఉపాధ్యాయులు, దుకాణదారులు, విద్యార్థులు, గృహిణులు శిక్షణ పొంది, తమ ఇరుగుపొరుగున మంచముపట్టినవారి యిండ్లకు పోనారంభించిరి. ఇంతలో, 1996లో ఆ రాష్ట్రము తన ప్రణాళికా నిధులలో నూటికి 35 నుండి 40 వంతులు స్థానిక సంస్థలకు ఇచ్చుటకు నిర్ణయించియుండెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు గ్రామ పంచాయతీల క్రిందికి వచ్చెను. ఈ రెండు ప్రవాహములు 2008లో కలిసినవి. ఆ సంవత్సరము కేరళ ప్రభుత్వము ఉపశమన చికిత్సా విధానమును ప్రకటించినది; మన దేశములో ఒక రాష్ట్రము అట్టి విధానమును ప్రకటించుట అదియే మొదటిసారి.

అది నడచు విధమును గమనింపుడు. పంచాయతీ తన నిధులనుండి ఒక శిక్షితురాలైన నర్సును, వాహనమును, మందులను ఏర్పాటు చేయును. ఆ నర్సు ఆశా కార్యకర్తతోను, స్వచ్ఛంద సేవకులతోను ఇంటింటికి పోవును. కొన్నిచోట్ల వార్డు సభ్యుడును వెంట పోవుటకద్దు. మూత్రపు గొట్టము మార్చుట, పుండ్లకు కట్టు కట్టుట, రోగిని ఎట్లు ప్రక్కకు త్రిప్పవలెనో ఇంటివారికి నేర్పుట ఆమె పని. వైద్యుని అవసరమున్నచో ఆమెయే కబురు చేయును. మొదట క్యాన్సరు రోగుల కొరకు పుట్టిన ఈ యేర్పాటు క్రమముగా పక్షవాత రోగులకును, మంచముపట్టిన వృద్ధులకును విస్తరించినది. అన్ని పంచాయతీలు సమానముగా చేయుచున్నవని చెప్పలేము. శ్రద్ధగలచోట మేలుగాను, శ్రద్ధ లేనిచోట నామమాత్రముగాను నడచుచున్నది. అయినను ఒక్క సంగతి గొప్పది. ఈ రోగి ఎవరివాడు అని అడిగినప్పుడు, మావాడు అని ఉత్తరమియ్యవలసిన వ్యక్తి అక్కడ ఒకరు కలరు.

ఇచ్చట కొందరు ఆక్షేపింతురు. తలిదండ్రులను చూచుట బిడ్డల ధర్మము కాదా, ప్రభుత్వము ఆ భారమును ఎత్తుకొన్నయెడల బిడ్డలు చేతులు దులుపుకొనరా అని వారందురు. బిడ్డల ధర్మమును ఎవరును కొట్టివేయలేదు. 2007లో వచ్చిన తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము పోషణలో వైద్యమునుకూడ చేర్చినది. కాని కూలికి పోనిదే పొయ్యి వెలుగని ఇంటిలో కుమారుడు తల్లి ప్రక్కన కూర్చుండిన దినము అందరికి పస్తు. చట్టము అతనిచేత డబ్బు ఇప్పింపగలదు గాని, పడకపుండ్లు పడకుండ తల్లిని ఎట్లు కదల్పవలెనో నేర్పలేదు. నెలకు రెండుమారులు వచ్చి నేర్పు నర్సు ఆ కుమారుని ధర్మమును తీసివేయుట లేదు. అది నెరవేర్చుకొనుటకు అతనికి బలమిచ్చుచున్నది.

ఉద్యోగులు చేయునది సేవ కాదు, జీతపు పని. అది వచ్చినయెడల పొరుగువాని ప్రేమ చల్లారునని మరికొందరు భయపడుదురు. కేరళ అనుభవము దీనిని బలపరచుట లేదు. అక్కడ పంచాయతీ నర్సు వచ్చిన తరువాతను స్వచ్ఛంద సేవకులు నిలిచియే యున్నారు. ఇరువురి పని వేరు. పొరుగువాడు మూత్రపు గొట్టము మార్చలేడు. నర్సు ప్రతి సాయంకాలము వచ్చి కూర్చుండి ముచ్చటింపలేదు. అంతేగాక, దయమీద మాత్రమే ఆధారపడిన రోగి దయగలవాని ఊరు మారగానే అనాథ యగును. మంచివాడు లేని దినమునకూడ మంచి పని ఆగకుండ చూచుటకే సంస్థలు ఏర్పడినవి.

వీటన్నిటికంటె బరువైన ఆక్షేపణ వేరొకటి కలదు. స్థానిక బాధ్యతకు ఎల్లలుండును. ఎల్ల యున్నచోట వెలుపలివాడు ఉండును. ఇంగ్లాండులో 1601 నాటి బీదల చట్టము ప్రతి పారిష్‌కును తన బీదలను పోషించు బాధ్యతను, అందుకై పన్ను వేయు అధికారమును ఇచ్చెను. అది మేలైన సంగతియే. కాని 1662 నాటి చట్టము, ముందుముందు తమకు భారము కాగల క్రొత్తవారిని వారి స్వస్థలమునకు త్రోలివేయుటకు వీలు కల్పించినది. రోగులును, గర్భిణులును ఒక ఊరినుండి మరియొక ఊరికి బండ్లమీద తరలింపబడిరి. మావాడు అను మాటకు వెనుక మావాడు కాడు అను మాట ఎంత సులువుగా నిలుచునో చూడుడు. నేడు పట్టణములో కుమారుని రేకుల గదిలో పడియున్న వృద్ధుని పింఛను స్వగ్రామములో ఉన్నది, ఓటు స్వగ్రామములో ఉన్నది, రోగము మాత్రము అతనితోకూడ పట్టణమునకు వచ్చినది. ఇతడు మా వార్డువాడు కాడని చెప్పుట తగునా? రేషను బియ్యము విషయములో 2022 నాటికి దేశములోని ఏ రాష్ట్రపు కార్డు అయినను ఏ రాష్ట్రములోనైనను చెల్లునట్లు చేయగలిగితిమి. బియ్యమునకు సాధ్యమైనది వైద్యమునకు అసాధ్యము కాదు. కనుక స్థానిక సంస్థ ఎవని భారము వహింపవలెననగా, తన సరిహద్దులో పడియున్న ప్రతి మనిషి భారమును అనియే ఉత్తరము.

ఇక మన తెలుగు సీమ సంగతి. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వలన పేదవాడు పెద్ద శస్త్రచికిత్సను పొందగలిగెను. దాని మేలును తక్కువ చేయరాదు. కాని గుండెకు శస్త్రచికిత్స పది దినముల పని, పక్షవాతము పది సంవత్సరముల పని. మొదటిదానికి ఆసుపత్రి చాలును, రెండవదానికి ఊరే ఆసుపత్రి కావలెను. హైదరాబాదులో 2018 నుండి బస్తీ దవాఖానాలు వెలసినవి. అవి నడచి రాగలవానికి మేలు చేయుచున్నవి. ఆంధ్రప్రదేశములో 2019 అక్టోబరు 2న ఆరంభమైన గ్రామ సచివాలయములలో ఆరోగ్య కార్యకర్తయు, సంక్షేమ సహాయకుడును నియమింపబడిరి. 2024 జూలై 1న ఆ రాష్ట్రమున వృద్ధుల పింఛను 4,000 రూపాయలకును, వికలాంగుల పింఛను 6,000 రూపాయలకును పెంచబడి, సచివాలయ ఉద్యోగులచేత ఇండ్లయొద్దనే చెల్లింపబడినది. ఇది చిన్న సంగతి కాదు. మంచముపట్టినవాని గుమ్మము ఏదియో ప్రభుత్వమునకు తెలియునని దీనివలన రుజువగుచున్నది. డబ్బు ఆ గుమ్మము దాటి లోపలికి పోగలిగినప్పుడు మాత్రలును, కట్టుగుడ్డయు పోలేవా? నోట్లు లెక్కించి ఇచ్చిన చేయి, అరిగిన వ్రేళ్ల ముద్ర యంత్రములో పడకపోవుటను గమనించినట్లే, వీపున పుండునుకూడ గమనించి నర్సుకు తెలుపలేదా? ఒకే కప్పు క్రింద కూర్చుండు ఇద్దరు ఉద్యోగులు ఒకే మనిషినిగూర్చి మాటలాడుకొనునంతవరకు సమన్వయము ఆరంభము కాలేదనియే చెప్పవలెను.

ప్రియ చదువరులారా, ఇందుకు మనము చేయదగినది ఏమి? గ్రామసభ జరుగునప్పుడు సాధారణముగా రోడ్లు, దీపములు, కాలువలనుగూర్చి అడుగుదుము. ఇకమీదట మరి మూడు ప్రశ్నలు అడుగుదము. మన ఊరిలో మంచము దిగలేనివారు ఎందరు, వారి పేర్లు ఒకచోట వ్రాయబడియున్నవా? గడచిన నెలలో వారియొద్దకు ఎవరు పోయిరి, వచ్చు నెలలో ఎవరు పోవలెను? ఆసుపత్రివారు రోగిని ఇంటికి పంపునప్పుడు ఈ ఊరిలో ఎవరికి కబురు చేయుచున్నారు? రోగులను దర్శించు అలవాటుగల సంఘములు తాము చూచినవారి అవసరతలను, వారి సమ్మతితో, ఆరోగ్య కార్యకర్తకు తెలుపవచ్చును. దర్శించి, ప్రార్థించి, అంతటితో విడిచి వచ్చుట చాలదు.

ఈ మూడు ప్రశ్నలకు పెద్ద ధనము అక్కరలేదు. ఒక పుస్తకము, దానిని నెలనెల తెరచి చూచు ఒక మనిషి, ఆ మనిషిని లెక్క అడుగు ఒక ఊరు కావలెను. మొదటి గ్రామసభలో ఉత్తరము రాకపోవచ్చును. రెండవ సభలోను అడుగవలెను.