పాటకు వెల కట్టుట

వస్తువునకు న్యాయమైన వెల యేది యను ప్రశ్న చిరకాలముగా నున్నదే. బియ్యమునకు అంగడి కలదు. కొనువాడును అమ్మువాడును బేరమాడి ధర తేల్చుకొందురు. పాట యట్టిది కాదు. ఎందరు వినినను అది తరుగదు. తరుగనిదానికి వెల కట్టుట యెట్లు? కట్టువా రెవరు? గ్రామఫోను పలకలు పోయి, చేతిలోని ఫోనునందే లక్షల పాటలు వినవచ్చుచున్న ఈ దినములలో ఈ ప్రశ్న మరల తలయెత్తినది.

అమెరికాలో దీని కొక న్యాయస్థానము వంటిదే కలదు. 2004 సంవత్సరపు చట్టము ననుసరించి కాపీరైట్ రాయల్టీ బోర్డు ఏర్పడినది. అందు ముగ్గురు న్యాయమూర్తులుందురు. కోరిన పాట కోరినప్పుడు దొరకక, రేడియోవలె వచ్చినదే వినవలసిన ఇంటర్నెట్టు సేవలకు వారు ఐదేండ్ల కొకమారు రేట్లు నిర్ణయింతురు. ఇష్టపడి కొనువాడు, ఇష్టపడి అమ్మువాడు స్వేచ్ఛగా బేరమాడినచో ఏ ధరకు సమ్మతించియుందురో ఊహించుట వారి పని. లేని అంగడిలోని ధర చెప్పుట యన్నమాట! 2021 సంవత్సరమునకు, చందా లేని సేవలలో ఒకరు ఒక్కమారు వినినందుకు వారు తేల్చినది 0.0021 డాలరు. వేయిమార్లకు రెండు డాలర్ల పది సెంట్లు. అందు సగము రికార్డు హక్కుదారునకు, నూటికి 45 వంతులు ప్రధాన గాయకునకు, మిగిలిన 5 పక్కవాద్యకారులకును వంతపాటగాండ్రకును చట్టమే పంచిపెట్టినది. వింత యేమనగా, అదే రికార్డును అచ్చటి మామూలు రేడియో కేంద్రము వినిపించినచో గాయకునకు దమ్మిడీ ఇయ్యనక్కరలేదు. పాట యొక్కటే, చెవి యొక్కటే. వచ్చిన దారిని బట్టి ధర్మము మారినది.

మన దేశపు కథ వేరు. 1957 కాపీరైటు చట్టమునకు 1977లో సుప్రీము కోర్టు చెప్పిన అర్థము చొప్పున, నిర్మాత డబ్బిచ్చి వ్రాయించుకొన్న సినిమా పాటపై, వేరొడంబడిక లేనిచో, హక్కు నిర్మాతదే. కవియు స్వరకర్తయు ముట్టిన పైకముతో తృప్తిపడవలసినదే. 2012 సవరణతో ఈ స్థితి మారినది. సినిమాహాలు వెలుపల పాట వినబడినప్పుడు వచ్చు రాయల్టీలో సమానభాగము పొందు హక్కును వారిక వదలుకొనుటకైనను వీలులేదు. ఆకలితో నున్నవాని సంతకమును పూర్ణసమ్మతిగా నెంచరాదను ధర్మమును చట్టము గుర్తించినది. ఇది నాకు మిక్కిలి నచ్చినది. అదే సవరణలో ప్రసారసంస్థలు అధికారులు నిర్ణయించిన రేటు చెల్లించి పాటలు వాడుకొను వెసులుబాటును కలదు. ఇంటర్నెట్టు సేవల కది వర్తించదని బొంబాయి హైకోర్టు 2019లో తీర్పు చెప్పి, 2022లో అప్పీలునందును స్థిరపరచినది. కనుక అచ్చట బేరమే శరణ్యము.

చందా కట్టి కోరిన పాట వినుచోట మరియొక పద్ధతి కలదు. సాధారణముగా దేశములోని చందాలన్నియు ఒక రాశిగా పోసి, సేవ తన భాగము తీసికొని, మిగిలినదానిని పాటలు మ్రోగిన సంఖ్యల చొప్పున పంచును. బరంపురములోనో హోసూరులోనో ఒక కుటుంబము నెల పొడుగునను పాత తెలుగు పాటలే వినినను, వారి సొమ్ములో అధికభాగము దేశమంతట పగలు రాత్రి మ్రోగు హిందీ పాటలకే పోవచ్చును. గుమాస్తాగా పద్దులు వ్రాసిన వాడను. ఎవరి పైకము ఎవరి ఖాతాకు చేరినదో తెలియని లెక్క నా మనస్సునకు ఎక్కదు. ఎవరి చందాను వారు వినిన పాటలకే పంచు విధానమును సౌండ్‌క్లౌడ్ సంస్థ 2021లో కొందరు కళాకారుల విషయమున ఆరంభించినది. దీనికిని ఆక్షేపణ లేకపోలేదు. నెలకు రెండు పాటలు వినువాని పాటకు రూపాయలు, ఎడతెగక వినువాని పాటకు పైసలు దక్కును. అయినను ఇచ్చువాని చేయి ఎటు చాచబడినదో అటే సొమ్ము పోవుట నాకు ఎక్కువ ధర్మముగా తోచును.

2024 నుండి స్పాటిఫై సంస్థ వారు, పండ్రెండు నెలలలో వేయిమార్లయినను వినబడని రికార్డునకు ప్రతిఫల మియ్యకున్నారు. అంతటి చిన్న మొత్తములు గాయకునకు చేరకయే బ్యాంకు రుసుములలో కరగిపోవునని వారి వాదము. అది కొంత నిజమే. కాని ఆ మొత్తము ఇతర పాటల వంతులలో కలియుచున్నది! చేరవేయుట కష్టమైన బాకీని మరియొకరికి చెల్లించినచో బాకీ తీరునా? మన ఇండ్లలోని మంగళహారతులు, మన యూళ్ల జముకుల పాటలు, ఎవరైన రికార్డు చేసి అందుంచినచో, ఈ వేయి గీటుకు దిగువనే నిలుచునని నా భయము. ధరలు తేల్చు బేరములలో మాటాడువారు పాటల కంపెనీలు, సేవల కంపెనీలు. చిన్న గుంపులుగా చెదరియున్న భాషవారి పక్షమున అచ్చట కూర్చున్నవా రెవరును కానరారు.