విచారణ అంటే వినడం

తెలుగు కతోలికులు పారిష్‌ను 'విచారణ' అంటారు, దాన్ని చూసుకునే గురువును 'విచారణ గురువు' అంటారు. మన వాడుకలో విచారించడమంటే ఒకరి మంచిచెడ్డలు కనుక్కోవడం, నిజం తేలేదాకా అడిగి తెలుసుకోవడం. అడగనివాడు విచారించినట్టు కాదు. అయితే ఆ విచారణకు తోడుగా ఉండే పారిష్ కౌన్సిల్‌కు శ్రీసభ చట్టం ఇచ్చింది సలహా చెప్పే హక్కు మాత్రమే. నిర్ణయం గురువుదే. అందుకే చాలామంది విశ్వాసులకు ఒక సందేహం ఉంది: తుదిమాట తమది కానప్పుడు తమకు బాధ్యత ఎక్కడిది? సలహా అనేది వింటే మర్యాద, వినకపోతే ఏమీ కాదా? అలా కాదన్నదే నా వాదన. సలహా చెప్పడం ఒకరి బాధ్యతైతే, దాన్ని విని జవాబు చెప్పడం మరొకరి బాధ్యత. ఈ రెండూ కలిస్తేనే అధికారం ధర్మబద్ధమవుతుంది.

ముందు చట్టమే ఏమంటోందో చూద్దాం. 1983 శ్రీసభ చట్టసంహిత 536వ సూత్రం ప్రకారం, పీఠాధిపతి తగునని తలిస్తే ప్రతి విచారణలోనూ పారిష్ కౌన్సిల్ ఏర్పడుతుంది. గురువు దానికి అధ్యక్షుడు, సభ్యులది సలహా ఓటు. ఆ వెంటనే వచ్చే 537వ సూత్రం ఆర్థిక మండలిని మాత్రం పీఠాధిపతి ఇష్టానికి వదలలేదు, ప్రతి విచారణలోనూ ఉండి తీరాలంది. 1287వ సూత్రం, విశ్వాసులిచ్చిన కానుకల లెక్క వారికే చెప్పాలంటుంది. 212వ సూత్రం, సంఘ మేలు గురించి తమ అభిప్రాయాన్ని కాపరులకు చెప్పడం విశ్వాసుల హక్కు, ఒక్కోసారి విధి కూడా అంటుంది. అన్నిటికన్నా లోతైనది 127వ సూత్రం. చట్టం ఎవరి సలహానైనా తీసుకోమన్నచోట అధికారి వారిని వినకుండా నిర్ణయిస్తే ఆ నిర్ణయం చెల్లదు. సలహాకు కట్టుబడనక్కర్లేదు గాని, ముఖ్యంగా అందరూ ఒక్కమాటగా చెప్పినప్పుడు, బలమైన కారణం లేకుండా దాన్ని తోసిపుచ్చకూడదు. ఈ నియమం ప్రతి పారిష్ కౌన్సిల్ సమావేశానికీ అక్షరాలా వర్తించకపోవచ్చు. కాని సలహాను శ్రీసభ ఎంత బరువైనదిగా చూస్తుందో ఇందులో తెలుస్తుంది. కాదనడానికి కారణం ఉండాలన్నప్పుడు ఆ సలహా వట్టి మాట కాదు.

ఇది ఈ కాలపు ప్రజాస్వామ్య గాలి సోకి పుట్టిన ఆలోచన కాదు. మూడో శతాబ్దంలో కార్తేజి పీఠాధిపతి సిప్రియాన్, తాను పీఠమెక్కిన నాటినుంచీ గురువుల ఆలోచన, ప్రజల సమ్మతి లేకుండా సొంతంగా ఏదీ చేయకూడదని నిశ్చయించుకున్నట్టు తన గురువులకు రాశాడు. ఆరో శతాబ్దపు పునీత బెనెడిక్టు మఠ నియమావళిలో నిర్ణయం పూర్తిగా మఠాధిపతిదే. అయినా ముఖ్యమైన విషయం వచ్చినప్పుడు మఠవాసులందరినీ పిలవాలని, మేలైన దారిని దేవుడు తరచూ చిన్నవాళ్లకే తెలియజేస్తాడని అందులో ఉంది. పెద్దరికాన్ని అంతగా నమ్మిన మనిషి చిన్నవాడి మాట వినమన్నాడు. వినడం వల్ల అధికారం తరగదని, తనకు కనిపించనిది కూడా కనబడుతుందని ఆయనకు తెలుసు.

సత్యం చేతులెత్తి ఓటేస్తే తేలేది కాదు కదా, శ్రీసభ పార్లమెంటు కాదు కదా అని అభ్యంతరం వస్తుంది. నిజమే, విశ్వాస సత్యాలను ఏ కౌన్సిలూ మార్చలేదు. కాని ఏ పల్లెలో జ్ఞానోపదేశం ఆగిపోయింది, ఏ ఇంట్లో రోగి గురువు రాకకోసం ఎదురుచూస్తున్నాడు, కానుకల సొమ్ము ముందు గుడి రంగులకు పోవాలా, పేదపిల్లల ఫీజులకు పోవాలా అన్నవి సిద్ధాంత ప్రశ్నలు కావు. వాటి సంగతి అక్కడ బతికేవారికే బాగా తెలుసు. సిద్ధాంతం విషయంలో కూడా విశ్వాసుల సాక్ష్యాన్ని తీసిపారేయలేమని ఆంగ్ల వేదాంతి జాన్ హెన్రీ న్యూమన్ 1859లో వాదించాడు. నాలుగో శతాబ్దంలో క్రీస్తు దైవత్వాన్ని కాదన్న ఆరియస్ వాదం చెలరేగి ఎందరో పీఠాధిపతులు తడబడిన కాలంలో, ఆ దైవత్వాన్ని గట్టిగా పట్టుకుని నిలిచింది సామాన్య విశ్వాసులేనని ఆయన చరిత్రనుంచి చూపాడు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మన నేలమీదే ఉంది. కౌన్సిల్‌కు బలమిస్తే అది ఊరి పెద్దల చేతిలోకి, డబ్బున్నవారి చేతిలోకి, ఒక కులం చేతిలోకి పోదా? ఈ భయం ఊహ కాదు. సంఘంలో కులవివక్ష ఉందని భారత కతోలిక పీఠాధిపతులే 2016లో దళిత సాధికారత విధాన పత్రంలో ఒప్పుకున్నారు. కాని దీనికి మందు కౌన్సిల్ నోరు మూయడం కాదు. అలా మూస్తే మొదట పోయేది బలహీనుడి గొంతే. బలవంతుడికి గురువు గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అపోస్తలుల కార్యములు ఆరో అధ్యాయం ఇందుకు దారి చూపుతుంది. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగుడు పుట్టినప్పుడు, పన్నిద్దరు ఆ నోళ్లు మూయించలేదు. శిష్యులందరినీ పిలిచి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. సమూహం ఎన్నుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ప్రార్థించి చేతులుంచింది అపోస్తలులు. నియమించే అధికారం వారి దగ్గరే ఉంది, నష్టపోయినవారి మాటా చెల్లింది.

2021లో మొదలై 2024 అక్టోబరులో ముగిసిన పీఠాధిపతుల సినడ్ కూడా ఇటే అడుగు వేసింది. పారిష్ కౌన్సిల్ లాంటి మండళ్లను తప్పనిసరి చేయాలని, సరైన సంప్రదింపులో తేలిన దారిని అధికారి పట్టించుకోకుండా పోలేడని దాని తుది పత్రం చెప్పింది. అయితే చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. సలహాను కాదన్న ప్రతిసారీ గురువు కారణం చెప్పడం, ఆ కారణం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కడం, లెక్కలు ఏటా విశ్వాసుల ముందుకు రావడం, వీటిని ఏ సూత్రమూ అడ్డుకోదు. సభ్యుడి బాధ్యత అంతకన్నా కఠినం. గురువుకు నచ్చేది కాదు, నిజమైనది చెప్పాలి. ఆ గదిలో కుర్చీ దొరకని కూలి మనిషి తరఫున మాట్లాడాలి. తన మాట నెగ్గకపోయినా మరుసటి సమావేశానికి రావాలి. తుదిమాట ఒకరిదే కావచ్చు, కాని అందరినీ అడిగాక పలికిన తుదిమాటకే 'విచారణ' అన్న పేరు తగుతుంది.